భూరో అంటే నీలం

పూసను పంటి కింద పెట్టి చూడాలి. గాజుదైతే చల్లగా తగిలి కటుక్కుమంటుంది. ప్లాస్టిక్‌దైతే చప్పుడు చేయదు, పెట్టిన చోట మెత్తగా కూర్చుంటుంది. ఇక్కడ సూరత్ మోతీ బజారులో నేనిలా చూడటం ఏ దుకాణదారుకూ నచ్చదు. మోతీ అంటే పూస, మాసీ అంటే పిన్ని. "మాసీ, ఎంగిలి చేసినవి మళ్ళీ డబ్బాలో వేయకు" అంటారు. వేయనులే నాయనా, ప్లాస్టిక్ తీసుకుపోయి తర్వాత తినే తిట్ల కంటే నీ తిట్లే నయం అనుకుంటూ ఇంకో పూస పంటి కింద పెడతాను.

తర్వాత తడిగుడ్డ. నాలుగు పూసలు తెల్లటి తడిగుడ్డలో వేసి నలిపితే, కచ్చా రంగుదైతే గుడ్డకు అంటుతుంది. రేపు మెడ మీది చెమటకూ అలాగే అంటుతుంది. ఆ తర్వాత అరచేతిలో పోసుకుని బొటనవేలితో దొర్లించాలి. అన్నీ ఒకే సైజువైతే వేలి కింద సాఫీగా జారతాయి. లావూ సన్నం కలిసినవైతే వేలు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. చివరికి సూది. పదింటిలో రెండు పూసలు సూదిని పోనివ్వకపోతే ఆ ప్యాకెట్టు పక్కన పెట్టేయడమే. ఇవన్నీ పంటితో, వేలితో తేలిపోయే పనులు. రంగు ఒక్కటే కంటి పని. నా గొడవంతా అక్కడే వచ్చింది.

నేను చేసేది పూసల కుట్టు నగలు. బక్రం అనే గట్టి గుడ్డ ముక్క మీద పెన్సిలుతో గీసుకుని, గీత వెంట పూసలు కుట్టుకుంటూ పోయి, మధ్యలో అద్దమో గవ్వో పెట్టి, వెనక మందపాటి ఫెల్ట్ గుడ్డ అంటించి అంచు కుడితే హారం. అదే చిన్నగా కుడితే జూకా. ఆరేళ్ళుగా ఇదే పని. అంతకు ముందు పద్నాలుగేళ్ళు చీరల దారాలు కత్తిరించాను. ఇంటికి మూటలు వచ్చేవి. చీర వెనక వేలాడే పోగులు కత్తిరించి, మడిచి, మూట కట్టి ఇచ్చేదాన్ని. కత్తెర పట్టిన వేలికి కాయ కాసింది, మెడ వంగింది వంగినట్టే ఉండిపోయింది. ఆ పద్నాలుగేళ్ళలో ఆ పని గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. వేలాడేదాన్ని కత్తిరించమన్నారు, కత్తిరించాను, అంతే.

పూసల పనిలోకి వచ్చిన కొత్తలో, నాకు పని ఇచ్చే దుకాణం బెన్ ఒకరోజు అడిగింది: "మాసీ, ఈ ఎరుపు పక్కన ఏది పెడదాం?" బెన్ అంటే గుజరాతీలో అక్క, వయసులో నాకంటే చిన్నదే అయినా ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు. నాకు అప్పటికి నలభై దాటాయి. నా పెళ్ళికి ఏ చీర కావాలో కూడా ఎవరూ నన్ను అడిగి ఎరగరు. ముదురు పసుపు పెడదామన్నాను. పెట్టింది. ఆ హారం వారం తిరక్కుండా అమ్ముడుపోయింది. అప్పటినుంచి ఆమె అడుగుతుంది, నేను చెబుతాను. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి నేను సంపాదించుకున్నది ఆ ఒక్క ప్రశ్న. అది పోతే మళ్ళీ దారాలే.

పోయినేడాది వానాకాలంలో ఎడమకన్ను మసకబారింది. వానకు మబ్బు కదా, వెలుతురు లేదు కదా అనుకున్నాను. వాన పోయింది, మబ్బు పోయింది, మసక పోలేదు. తర్వాత కుడికంటికి కూడా అన్నీ పలచటి టీలోంచి చూస్తున్నట్టు కనిపించడం మొదలైంది. గీత కనిపిస్తుంది, పూస కనిపిస్తుంది, సూది కొస కూడా తిప్పలు పడితే కనిపిస్తుంది. రంగే నమ్మకంగా లేదు. ఇక్కడి మన తెలుగువాళ్ళ హాల్లో కళ్ళ క్యాంపు పెడితే ఎవరికీ చెప్పకుండా పోయి వరుసలో కూర్చున్నాను.

డాక్టరు గుజరాతీ ఆయన. నా కంట్లోకి దీపం వేసి చూసి, "మాసీ, డాబీ ఆంఖ్‌మా మోతియో ఛే. పాకీ గయో ఛే" అన్నాడు. నాకు బజారు గుజరాతీ వచ్చు, దవాఖానా గుజరాతీ రాదు. మోతియో అన్నది మోతీలా వినిపించింది. పాకీ అన్నది పక్కాలా వినిపించింది. నా పని ఏమిటో ఈయనకు ఎవరో చెప్పినట్టున్నారు, పూసలు పక్కావా కచ్చావా అని అడుగుతున్నాడు అనుకుని, "హా సాబ్, పక్కా మోతీయే. గాజుది, రంగు పోదు" అని హిందీలో జవాబు చెప్పాను. ఆయన దీపం ఆర్పేసి కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. పక్కన చీటీలు రాసే పిల్లా నవ్వింది. వెనక వరుసలో వాళ్ళు ఎందుకో తెలియకుండానే నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆయన హిందీలో విడమరిచి చెప్పాడు. మోతియో అంటే కంట్లో శుక్లమట. పండిపోయిందట. ఎడమకంటికి ఆపరేషన్ చేయాలి, కుడిది తర్వాత చూద్దాం, చేశాక నెలరోజులు సూది పట్టకూడదు.

ఆరేళ్ళు మోతీలు కుట్టిన దాని కంట్లోకే మోతీ వచ్చి కూర్చుందన్నమాట. నవ్వు ఆగిపోయింది. క్యాంపులో ఇచ్చిన చీటీ మడిచి బక్రం చుట్ట మధ్యలో దూర్చేశాను.

నెలరోజులు అంటే ఎవరికి చెప్పాలి. ముందు వచ్చేది నవరాత్రి. మన బతుకమ్మ రోజులే వీళ్ళకు గరబా రోజులు. ఏడాది మొత్తం మీద పూసల హారాలకు గిరాకీ అప్పుడే. ఆ నెల నేను లేనంటే బెన్ పనిని నిలబెట్టుకుని కూర్చోదు కదా. గోడవతల గదిలో ఉండే పిల్లకు ఇస్తుంది. ఆమె మా జిల్లా మనిషే, నన్ను అక్కా అంటుంది, జూకాలు కుడుతుంది, అదే దుకాణానికి ఇస్తుంది. కళ్ళు కత్తుల్లా ఉంటాయి. "అక్కా, నీకు హారాల పని ఎక్కువైతే జర నాకు చెప్పు" అని రెండుసార్లు అడిగింది కూడా. చెడ్డది కాదు. పని కావాలి, అడిగింది. నేనైనా అడిగేదాన్ని.

మా ఆయనకైనా చెప్పొచ్చు కదా అని మీరు అనొచ్చు. అదే చిక్కు. ఆయన ఈ ఊళ్ళోనే ఇరవై రెండేళ్ళుగా సాంచాల మీద ఉన్నాడు. సాంచా అంటే మరమగ్గం. ఆ చప్పుడు చెవులను తినేసింది. తింటావా, పోదామా, పాలు తే లాంటి అలవాటైన పొట్టి మాటలు పెదాలు చూసి పట్టేస్తాడు. కొత్త సంగతి ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. మా గదికీ పక్క గదికీ నడుమ ఉన్నది ఒక్క ఇటుక మందం గోడ. వాళ్ళు పోపు వేస్తే మాకు తుమ్ములొస్తాయి. రాసి చూపిద్దామంటే ఆయనకు సంతకం తప్ప రాదు. బయట రోడ్డు మీద అరిస్తే ఇంకా నయమా. ఇవన్నీ నిజాలే. ఇంకో నిజం ఏమిటంటే నాకు చెప్పాలనే లేదు. చెబితే నిజమైపోతుందని భయం.

నవరాత్రికి ఇరవై రోజుల ముందు బెన్ ఫోనులో మాట పంపింది. ఒక గరబా జట్టుకు ఎనిమిది హారాలు కావాలి, అన్నీ ఒకేలా ఉండాలి. "ఘేరో భూరో" మీద అద్దాలు, చుట్టూ నల్ల అంచు.

భూరో అంటే ఏమిటో ఎవరికి తెలియకపోయినా మా ఇంట్లో మాకు తెలుసు. మేము సూరత్ వచ్చిన మొదటి ఏడాది మా ఆయన చీరల సాంచా మీద ఉన్నాడు. అంతకు ముందు భివండీలో పనిచేసిన మనిషి, హిందీ బాగా వచ్చు, గుజరాతీ ముక్క రాదు. సేఠు వచ్చి భూరో కోన్ పెట్టమన్నాడు. హిందీలో భూరా అంటే కాఫీరంగు. ఈయన కాఫీరంగు నూలు పెట్టి సగం చీర నేసేశాడు. గుజరాతీలో భూరో అంటే నీలమట. సేఠు పెట్టిన తిట్లు ఇంటికొచ్చి నాకు అప్పజెప్పాడు. నేను నెలరోజులు నవ్వాను. అప్పటినుంచి మా ఇంట్లో తప్పు పనికి భూరో అని పేరు. దోసకాయ బదులు సొరకాయ తెస్తే "మళ్ల భూరోనా" అంటాను. ఉప్పు రెండుసార్లు పడితే ఆయన పళ్ళెం నా వైపు జరిపి "భూరో" అంటాడు. పెళ్ళయి కడోదరాలో ఉంటున్న మా బిడ్డ ఇంట్లో కూడా ఇప్పుడు అదే మాట.

కాబట్టి ముదురు నీలమని నాకు తెలుసు. బజారుకు పోయి "ఘేరో భూరో" అనే అడిగాను. దుకాణంలో జనం తోసుకుంటున్నారు. అతను గడ్డంతో అటు వరుస చూపించాడు. అక్కడ నీలం, కాఫీరంగు పక్కపక్కనే వేలాడుతున్నాయి. నాకు రెండూ చీకటిగానే ఉన్నాయి. ఒకటి కొంచెం ఎక్కువ చీకటి. ఇది భూరోనేనా భాయ్ అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆరేళ్ళుగా అదే దుకాణంలో రంగులు ఏరి, పక్కవాళ్ళకు కూడా ఏరిపెట్టిన మనిషిని. నోరు రాలేదు. పంటితో చూశాను, గాజే. తడిగుడ్డలో నలిపాను, రంగు దిగలేదు. వేలితో దొర్లించాను, అన్నీ సమానం. పదకొండో నంబరు సైజు పూసలు, సూది ఎక్కడా ఆగలేదు. ఇంత మంచి సరుకు దొరికిందని సంతోషపడి అన్ని ప్యాకెట్లూ తీసుకున్నాను.

పన్నెండు రోజులు కుట్టాను. పొద్దున వెలుతురు కోసం గడపలో, ఎండ వచ్చాక కిటికీ కింద. ఒక్కొక్క హారానికి అరచెయ్యంత జాగా నింపాలి. రెండు పూసలు ఎక్కించి కుట్టడం, వెనక్కి వచ్చి మళ్ళీ వాటిలోంచే సూది తీయడం, మళ్ళీ రెండు పూసలు. లేచేసరికి మోకాళ్ళు పట్టేసేవి. మెడ తిప్పితే చప్పుడు. ఎనిమిదో హారం అంచు కుట్టేసరికి సంతోషం కూడా రాలేదు. అయిపోయిందనిపించింది, అంతే.

మా ఆయన స్కూటర్ మీద తీసుకుపోయాడు. బెన్ సంచి విప్పి మొదటి హారం తీసింది, రెండోది తీసింది, మూడోది తీయలేదు. "మాసీ, ఆ శుఁ ఛే?" అంది. ఇదేమిటి అని.

"ఏమైంది బెన్?"

"నేను భూరో అన్నాను. నువ్వు కాఫీరంగు కుట్టావు."

ఎనిమిదీ చూశాను. బల్ల మీద తెల్లటి దీపం కింద కూడా నాకు చీకటిగానే ఉన్నాయి. ఆమె నా మొహంలోకి చూస్తోంది. అప్పుడు నాకు కళ్ళ క్యాంపు గుర్తొచ్చింది. మాట తప్పు విన్నందుకు ఎవరూ కోప్పడలేదు, అందరూ నవ్వారు. అది గుర్తు రావడమే ఆలస్యం, అబద్ధం దానంతట అదే వచ్చేసింది.

"భూరా అంటే హిందీలో ఇదే కదా బెన్. నాకు గుజరాతీ అంత రాదు" అన్నాను.

బెన్ తల పట్టుకుని నవ్వింది. లోపల లెక్కలు చూసుకుంటున్న వాళ్ళాయనను పిలిచి చెప్పింది. గాజులు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళకు చెప్పింది. ఇరవై రెండేళ్ళు ఈ ఊరి నీళ్ళు తాగి భూరో తెలియని మాసీని చూడండి అంది. వాళ్ళు చూశారు. తల దించుకుని నిలబడ్డాను. మండింది నాకు. భూరో ఒక్కటే కాదు, వాదళీ అంటే ఆకాశనీలమని తెలుసు, పోపటీ అంటే చిలకపచ్చ అని తెలుసు, ఈ బజారులో ఉన్న రంగులన్నిటి పేర్లూ తెలుసు అని అరవాలనిపించింది. కానీ కళ్ళు లేనిదాన్ని అనిపించుకోవడం కంటే తెలివి లేనిదాన్ని అనిపించుకోవడమే నయం. తెలివి లేనివాళ్ళకు పని ఇస్తారు.

"ఇక నుంచి నీలా అని హిందీలోనే చెబుతాలే" అంది బెన్. "ఐదు రోజులుంది. విప్పి మళ్ళీ కుడతావా?"

కుడతానన్నాను. వెనక్కి తిరిగితే మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏమీ విని ఉండడు. కానీ నా పెదాల మీద భూరా అనే మాట చూసే ఉంటాడు, బల్ల మీద కాఫీరంగు హారాలూ చూసే ఉంటాడు. తన పాత తప్పును నేను ఎత్తుకుపోయి నాదని చెప్పుకున్నాను. నా వైపు కాసేపు చూసి, సంచి తీసుకుని స్కూటర్ దగ్గరికి నడిచాడు.

నీలం పూసల కోసం అటునుంచి అటే మోతీ బజారుకు పోయాం. అక్కడ ఆయనెప్పుడూ దుకాణం లోపలికి రాడు, స్కూటర్ మీదే కూర్చుంటాడు. ఆ రోజు వచ్చాడు. నేను ఒక ప్యాకెట్టు పళ్ళ దగ్గరకు తీసుకునేలోపే వరుసలోంచి తానే ప్యాకెట్లు తీసి నా సంచిలో వేశాడు. నేను డబ్బులిచ్చాను. ఆయన పోయి స్కూటర్ తీశాడు. ఈ మధ్య మేమిద్దరం అలాగే బతుకుతున్నాం, ఎవరి అలసట వాళ్ళది.

కుట్టిన దాన్ని విప్పడం ఉంది చూశారూ, అంత పాపిష్టి పని ఇంకోటి లేదు. దారం కత్తిరించి, బక్రం చిరగకుండా, పూస పగలకుండా లాగాలి. రాలిన పూసలను గిన్నెలో ఏరాలి. కత్తెర మళ్ళీ ఆ పాత కాయ మీదికే వచ్చి కూర్చుంది. పద్నాలుగేళ్ళు ఊరివాళ్ళ దారాలు కత్తిరించాను, ఇప్పుడు నా దారాలే కత్తిరిస్తున్నాను అని ఏడుపొచ్చింది. ఏడిస్తే ఉన్న కాస్త చూపూ పోతుందని కొంగుతో తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాను. నీలం, కాఫీరంగు, నలుపు, మూడూ ఒకే స్టీలు డబ్బాలో ఉన్నాయి. ఏది ఏదో మర్చిపోకుండా ఒకటి ఎడమ మూలకు, ఒకటి కుడి మూలకు, ఒకటి మధ్యలో పెట్టుకున్నాను. డబ్బా ఎవరైనా కదిపితే నా పని అయిపోయినట్టే.

మర్నాడు ఆయనకు సెలవు. నేను కూరగాయలకు పోయి వచ్చి డబ్బా మూత తీస్తే ప్యాకెట్లు కదిలిపోయి ఉన్నాయి. ఒళ్ళు మండిపోయింది. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. మెడ దగ్గర దారం కట్టి ఉంది, దారం మీద ఒక ముడి. సాంచా మీద తెగిన పోగును అతికే ముడి, గట్టిగా, చిన్నగా, గింజలా వేలికి తగిలింది. ఇంకోటి తీశాను. రెండు ముళ్ళు. మూడోదానికి మూడు.

ఆయన గోడకు ఆనుకుని టీ తాగుతున్నాడు. ఎదురుగా కూర్చుని ప్యాకెట్లు మొహం ముందు ఊపాను.

"గీ ముళ్లేంది?"

"ఒక ముడి నీలం. రెండు ముళ్లు కాఫీరంగు. మూడు నల్లయి."

"నల్లయిటికి మూడెందుకు?"

"నల్లపూసలకు మూడు ముళ్లే గదా ఏసేది" అన్నాడు. నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టాడు.

నాకు కోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. నెలల తరబడి దాచుకుంటూ, మూలలు గుర్తుపెట్టుకుంటూ చచ్చాను, ఈ మనిషికి తెలిసే ఉంది.

"ఎప్పటిసంది ఎరుక నీకు?" అన్నాను, పెదాలు బాగా కనిపించేలా.

"నా నీలం అంగికి నల్ల గుండీ కుట్టినవు గదా. అప్పటిసంది."

అది ఎండాకాలం నాటి మాట. ఆ చొక్కా ఆయన ఇప్పటికీ వేసుకుంటున్నాడు.

"మరి అడగకపోతివేంది?"

ఆయన పక్కకు చూశాడు. పక్క గదిలో ఆ పిల్ల మిక్సీ వేసింది, గోడ సన్నగా వణికింది. ఆయనకు ఆ చప్పుడు కూడా తెలియదు. మెల్లగా అన్నాడు.

"నువ్వు చెప్పినవనుకున్న. నాకే ఇనవడలేదనుకున్న. మళ్ల అడుగుతే, ఇంత పెద్ద ముచ్చట గూడ ఇనవడలేదా అంటవని అడగలే."

నా చేతిలో ప్యాకెట్లు అలాగే ఉన్నాయి. ఇన్ని నెలలూ తన చెవులదే తప్పు అనుకుని, ఇంకోసారి చెప్పు అనడానికి సిగ్గుపడి, నేను ఎక్కడ తడుముకుంటున్నానో చూసుకుంటూ తిరిగాడు ఈ మనిషి. సిగ్గేసింది నాకు. బెన్ దుకాణంలో కూడా అంత సిగ్గు వేయలేదు.

లేచి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. చెవి దగ్గర నోరు పెట్టాను. నెమ్మదిగా చెబితే ఆయనకు వినిపించదు. వినిపించేటంత చెబితే గోడ ఆపదు. ఎనిమిది హారాల్లో నీలంతో తిరిగి కుట్టింది ఇంకా ఒకటే.

"నేను చెప్పలే" అన్నాను. "గిప్పుడు చెప్తున్న. నాకు కండ్లు కనవడ్తలేవు. రంగులు తెలుస్తలేవు. ఆపరేషన్ జెయ్యాలన్నరు."

ఆయనకు ఎంత గట్టిగా కావాలో అంత గట్టిగానే అన్నాను. గోడవతల మిక్సీ ఆగిపోయింది.

"ఇనవడ్డది" అన్నాడు మా ఆయన.